సంత రోజు ఇంగ్లీషు పీరియడ్

ప్రభుత్వ బడుల్లోకి ఇంగ్లీషు మీడియం వచ్చిన కొత్తలో, ఒక జూన్ నెలలో, కొండల్లో ఉన్న డుంబ్రిగుడ మండలంలోని ఒక ప్రాథమికోన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా వెళ్ళాను. మాది మైదానంలో కిరాణా కొట్టు కుటుంబం. ఎంతటి బేరమైనా ఇరుపక్షాలకూ నొప్పి లేకుండా తేల్చగలనని నాకొక గర్వం ఉండేది.

ఆరో తరగతిలో ఉద్యోగుల పిల్లలు కాన్వెంటు నుంచి వచ్చినవారు. ఇంగ్లీషు గలగలా మాట్లాడేవారు. కొండమీది గూడేల పిల్లలకు ఇంట్లో ఆదివాసీ ఒరియా, బడిలో తెలుగు, ఆపైన ఇంగ్లీషు. రానివారిని వచ్చినవారి పక్కన కూర్చోబెట్టి మాట్లాడించేవాళ్ళం. దీన్ని జతలు కట్టడం అంటాం. దసరా నాటికి సోంబారి అనే గూడెం అమ్మాయి లేచి నిలబడి, తప్పో ఒప్పో, నాలుగు ఇంగ్లీషు ముక్కలు చెప్పసాగింది.

అంతలో ఉద్యోగులు కూడబలుక్కుని వచ్చారు. వారిలో ఒక గుమాస్తా, "మా గుంటడు సదువుకోడానికొచ్చేడా, సదువు సెప్పడానికొచ్చేడా మాస్టారూ?" అన్నాడు. టీసీలు ఇచ్చేయమన్నారు. పిల్లలు తగ్గితే ఒక టీచరు పోస్టు పోతుంది. బేరానికి దిగాను. జతలు తీయను గాని, ఇంగ్లీషు మాట్లాడించే పీరియడ్లన్నీ వారపు సంత రోజుకు మారుస్తానన్నాను. సంత రోజున గూడేల పిల్లలు సగం మంది రారని నాకు తెలుసు, ఆ ఉద్యోగులకూ తెలుసు. టైంటేబుల్లో మాత్రం అది అందరి పీరియడే. నా తెలివికి నేనే మురిసి, అందరికీ టీ తెప్పించాను.

సోంబారికి సంత తప్పదు. తల్లికి తెలుగు రాదు. చింతపండు, రాజ్మా కొనే షావుకార్లతో కూతురే మాట్లాడాలి. ఫిబ్రవరికల్లా ఆ పిల్ల తరగతిలో నోరు విప్పడం మానేసింది. పరీక్షలయ్యాక తల్లి వచ్చింది, బడి మానిపించడానికి. ఆమె తన భాషలో అడిగింది. సోంబారి తల వంచుకుని తెలుగులో చెప్పింది:

"సంత నాడు అమ్మకి నాను కావాలని మీకు తెల్దేటి మాస్టారూ అంతంది. తెలిసే ఆ పీరియడు ఎట్టినారా అంతంది."

పై ఏడాది మారుస్తానన్నాను. సోంబారి ఆ మాట తల్లికి చెప్పింది, జవాబు నాకు చెప్పింది.

"మరి ఈ ఏడు పోయినట్టేనా అంతంది."

జూన్‌లో పీరియడ్ మార్చాను. హాజరుపట్టీలో సోంబారి పేరు కొట్టేశాను.

ఒప్పందం జరిగేటప్పుడు గదిలో లేనివారి వాటాయే ముందు తెగుతుంది. వారిని పిలవడం నా ఉద్యోగం. నేను పిలవలేదు.