చిన్నక్క పాట, మా ఆఖరి వాల్వు

ఆ రోజుల్లో ఎల్లారెడ్డిలో పాట వినాలంటే ముందు అది కామారెడ్డి నుంచి బస్సెక్కి రావాలి. పాట కాదు లెండి, దాన్ని పలికించే బ్యాటరీ. మా ఊళ్ళో కరెంటు లేదు. కామారెడ్డి బియ్యం మిల్లులో ఇంజను నడిపే మా పెద్దక్క మొగుడు, అంటే మా బావ, అక్కడి డైనమోతో ఆ గాజు బ్యాటరీని నింపి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవాడు. (దారి గతుకులకు అందులోని తేజాబు, అంటే యాసిడ్, ఎంత తొణికిందో ఆయన ధోవతి చిల్లులు చూస్తే తెలిసేది.) రేడియో మాత్రం నా సొంత తయారీ. తహసీలు కచేరీలో జీతం లేకుండా పని నేర్చుకునే ఉమేదువారునైన నాకు చేతినిండా తీరిక ఉండేది, తలనిండా తెలివి ఉందన్న నమ్మకం ఉండేది. ఈ రెండూ ఒకే మనిషిలో చేరితే ఇంట్లోవాళ్ళు ఎంత ఓర్చుకోవాలో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ రేడియోలో స్పీకరుకు బలమిచ్చే ఆఖరి వాల్వు, అంటే బల్బులాంటి గాజు బుడ్డి, దగ్గర నాకూ బావకూ చెడింది. ట్రయోడ్ అనే రకం మెల్లగా, తీయగా పలుకుతుందని నా వాదం. పెంటోడ్ అనే రకం గట్టిగా పలుకుతుంది, బ్యాటరీని కూడా అంత గట్టిగానే తాగుతుంది. బావకు అదే ఇష్టం.

"ఊరంత ఇనకుంటె అది రేడియో ఎట్లయితది బామ్మర్దీ?" అనేవాడు.

"నీకు చెవులున్నయా బావా, మిల్లుల ఊక నిండి మూసుకపొయినయా?" అనేవాణ్ణి.

ఈ తగువు ఎప్పుడైనా తీరేదే. కానీ అప్పుడే ఇంట్లో పెద్ద విషయం ఒకటి నడుస్తోంది. హైదరాబాదులో కాపురమున్న మా చిన్నక్క రేడియోలో పాడటం మొదలుపెట్టింది. "మన ఇంటి ఆడివిల్ల గొంతు హోటళ్ళల్ల చాయ తాగెటోళ్ళు ఇంటరా?" అని బాపు ఆమెతో మాట్లాడటం మానేశాడు. పండగకు రమ్మని కబురు కూడా పంపలేదు. (మాకు బాపంటే నాన్న, అవ్వంటే అమ్మ.) అవ్వ ఏడ్చి, అలిగి, అన్నం మానేసి, చివరికి ఒక్క మాట రాబట్టింది: వచ్చే ఐతారం సాయంత్రం చిన్నక్క పాట ఉంది, అది ఒక్కసారి వింటాడట. నచ్చకపోతే ఆ బిడ్డ పేరు మళ్ళీ ఎత్తొద్దట. ఆ పాట కోసమే బావ నిండు బ్యాటరీతో వారం ముందే దిగాడు.

బుద్ధి ఉన్నవాళ్ళయితే దాన్ని ముట్టకుండా దాచేవాళ్ళు. మేము పోటీ పెట్టుకున్నాం. అక్క పాటను ఏ వాల్వులో వినిపించాలో తేల్చాలి కదా! వారమంతా ఇదే పని. ట్రయోడ్ పెట్టి వినడం, రేడియో ఆపడం, దాన్ని పీకి పెంటోడ్ పెట్టడం, దాని పక్క మరకు అదనపు తీగ బిగించడం, అది వేడెక్కేదాకా కాచుకోవడం. ఈలోగా వార్తలాయన వెళ్ళిపోయి సారంగీ మొదలయ్యేది. ఒక వాల్వులో విన్న వార్తలను ఇంకో వాల్వులో విన్న సారంగీతో పోల్చి, మేము గంభీరంగా తీర్పులు చెప్పుకునేవాళ్ళం. ఇది స్నానం చేసి వచ్చిన గొంతు, అది జ్వరం తగిలిన గొంతు అని నేను ఉపన్యాసమిస్తుంటే, అరుగు మీద బీడీలు చుట్టే లింగంపేట పెద్దమ్మ తలెత్తకుండానే అంది: "నాకైతె రెండు ఒక్క తీర్గనే మొత్తుకుంటున్నయి కొడుకా." ఆమెకు చెవి లేదని నేనూ బావా ఏకగ్రీవంగా తేల్చాం. మేమిద్దరం ఒప్పుకున్న సంగతి ఆ వారంలో అదొక్కటే.

ఐతారం రానే వచ్చింది. బాపు తలకు రుమాలు చుట్టుకుని, తహసీలు కచేరీకి పోయినట్టు వచ్చి, కుర్చీని గోడవైపు తిప్పి కూర్చున్నాడు. (వింటానన్నాడు గానీ రేడియో మొహం చూస్తానని ఒప్పుకోలేదు.) బావ పట్టుబట్టి పెంటోడ్ పెట్టించాడు. ఉర్దూలో చిన్నక్క పేరు చెప్పారు. అక్క గొంతు ఒక్కసారి ఇల్లంతా నిండింది, అంతలోనే నీరసించి, సన్నబడి, ఆగిపోయింది.

"ఏందిరా, సప్పుడు లేదు?" అంది అవ్వ. అలా అడుగుతున్నప్పుడు ఆమె మొహం ఎలా ఉందో చెప్పే శక్తి నాకు ఇప్పటికీ లేదు.

బ్యాటరీ అయిపోయింది. మేమే తాగేశాం. కాసేపు ఆపితే కొంచెం ప్రాణం పుంజుకుంటుందని బావ గొణిగాడు. నేను పెంటోడ్ పీకి, తక్కువ తాగే ట్రయోడ్ పెట్టాను. అక్క మళ్ళీ వచ్చింది, కానీ దారప్పోగంత. కుర్చీ చప్పుడైంది. బాపు లేచి వచ్చి, రుమాలు తీసి పక్కన పెట్టి, స్పీకరు గుడ్డకు చెవి ఆనించాడు. ఇంకెవరికీ ఏమీ వినబడలేదు. అవ్వ ఏదో అడగబోతే చెయ్యెత్తి ఆపాడు. ఆ పోగు కూడా తెగిపోయాక చాలాసేపటికి గాని చెవి తీయలేదు.

"పోరికి దమ్ము చాల్తలేదు," అన్నాడు. "షురువుల మంచిగనే ఎత్తుకున్నది. నడుమ నడుమ గొంతు పడిపోతున్నది. పట్నంల దానికి పాలు నెయ్యి ఎవ్వడు పెడ్తడు?"

నేను శాస్త్రజ్ఞుణ్ణి కదా, నోరు తెరిచాను. "అది అక్క గొంతు కాదు బాపూ, బ్యాట..."

అవ్వ నా తొడ మీద పెట్టిన తొడపాశం మచ్చ నెల దాకా ఉంది. "అవునయ్యా," అంది బాపుతో, "పొల్ల ఎండిపోయింది. నువ్వే పోయి చూసి రా."

మర్నాడు నెయ్యి గిన్నె మూతకు గుడ్డ కట్టుకుని బాపు బస్సెక్కాడు. కామారెడ్డిలో రైలెక్కించింది బావే. తిరిగొచ్చి, "కొస్సకు మన రెండిట్ల ఏది గెలిచినట్టు బామ్మర్దీ?" అని అడిగాడు. ఆ మనిషికి సిగ్గులేదనుకున్నాను. నిజానికి నేనూ అదే ఆలోచిస్తున్నాను.

ఈ వయసులో కూడా ఎవరైనా ఏ వాల్వు గొప్పదని వాదించుకుంటుంటే నా నోరు ఊరుకోదు, ట్రయోడే అని దూరిపోతాను. కానీ ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నప్పుడు, మంచి పాటేదైనా వస్తుంటే, నా చెయ్యి దానంతటదే మీట తిప్పి చప్పుడు తగ్గించేస్తుంది. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, స్పీకరు గుడ్డకు చెవి ఆనిస్తాను.