ఏవండీగారి తెలుగు పరీక్ష

పదిహేడేళ్ళుగా నేను ముసలివాళ్ళని ఉత్తరాది తిప్పుతున్నాను. ముసలివాళ్ళు అంటే వాళ్ళకి కోపం, సీనియర్లు అనాలట. పదకొండు రోజులు, మూడు పాత నగరాలు, రెండు కోటలు, ఒక పాలరాతి సమాధి, చివర్లో పులులున్న అడవి. నలభై మంది మనుషులు, నలభై మందుల డబ్బాలు. కిటికీ సీటు కోసం మా బస్సులో జరిగే యుద్ధాలు చూస్తే, ఆ కోటలు కట్టిన రాజులు మా దగ్గర శిష్యరికం చేయాల్సింది అనిపిస్తుంది. నాకు నోరెక్కువని ఆఫీసులో అంటారు. ఈ పనిలో నోరు లేనివాళ్ళు మూడో రోజుకే మూటాముల్లె సర్దుకుంటారు.

కొండ మీది కోటకి మా పెద్ద బస్సు ఎక్కదు. కింద దిగి జీపులు మారాలి. అక్కడున్న పద్దెనిమిది జీపుల్లో ఒకటి ఏవండీది. అది అతని అసలు పేరు కాదు. మా గుంపు పెట్టిన పేరు.

ఏవండీకి మన ఊళ్ళు తెలియవు. బడికి వెళ్ళింది నాలుగేళ్ళు. అతని తెలుగంతా వెనక సీటు నుంచి వచ్చింది. పైకి ఇరవై నిమిషాలు, కిందికి ఇరవై నిమిషాలు, మధ్యలో మావాళ్ళ మాటలు. వెనక భార్యలు భర్తల్ని "ఏవండీ" అంటుంటే, మగవాళ్ళని పిలిచే మాట అదే అనుకున్నాడు. ఒకరోజు ఆరడుగుల రిటైర్డు పోలీసాయన గొడుగు మరిచిపోయి దిగితే, "ఏవండీ! ఏవండీ! మీ గొడుగండీ!" అంటూ వెనకాలే పరిగెత్తాడు. బస్సు బస్సంతా పొట్ట పట్టుకుంది. ఆ పోలీసాయన భార్య మాత్రం, "పోనీ పదకొండు రోజులూ అతన్నే పిలవమనండి, నా గొంతుకి కాస్త విశ్రాంతి" అంది.

ఎక్కగానే అందరూ "ఇంకా ఎంత దూరం?" అని అడుగుతారు కాబట్టి అది పలకరింపు అనుకున్నాడు. జీపు పక్కన నిలబడి, "రండి రండి, ఇంకా ఎంత దూరం!" అని నవ్వుతూ ఆహ్వానించేవాడు. ఎవరైనా డ్రైవింగు మెచ్చుకుంటే సిగ్గుపడి "చాల్లే ఊరుకోండి" అనేవాడు. అది మాత్రం సరిగ్గానే వాడేవాడు. అడవికి కూడా రెండుమూడుసార్లు మాతో వచ్చాడు. అక్కడ నలభై మందీ ఒక్కసారిగా అరుస్తారు, పులి పొదల్లోకి జారుకుంటుంది, "అయ్యో, వెళ్ళిపోయింది" అని అందరూ నిట్టూరుస్తారు. దాంతో చాలాకాలం తెలుగులో పులిని "వెళ్ళిపోయింది" అంటారనుకున్నాడు. "ఏవండీ, మొన్న నేను రెండు వెళ్ళిపోయింది చూశాను, ఒకటి తల్లి వెళ్ళిపోయింది" అని చెప్పినప్పుడు నాకు నవ్వాగక కళ్ళలో నీళ్ళొచ్చాయి.

నేను ఇవేవీ దిద్దలేదు. దిద్దితే నా గుంపుకి వినోదం పోతుందని ఊరుకున్నాను. మనిషి కూడా నవ్వితే నవ్వనీ అన్నట్టుండేవాడు.

రెండేళ్ళ కిందట ఒక నోటీసు అంటించారు. వచ్చే సీజన్ నుంచి కొండ దారిలో జీపులు తిరగకూడదు, పొగ రాని బ్యాటరీ బళ్ళు వస్తాయి, వాటికి వేరే మనుషులుంటారు. మిగతా పదిహేడు మందీ తలోదారి చూసుకునే పనిలో పడ్డారు. ఏవండీ మాత్రం మా బస్సు ఆగేచోట నా కోసం కాచుకుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"మేనేజరమ్మా, నాకు తెలుగు నేర్పండి. మంచి తెలుగు."

"ఉన్నది చాలదా నీకు?"

"ఇది జీపు తెలుగు. నాకు గైడు తెలుగు కావాలి."

కోట ఆఫీసు వాళ్ళు భాషకి ఒకరు చొప్పున గైడులకి బిల్లలు ఇస్తున్నారట. తెలుగుకి ఎవరూ లేరు. రాత పరీక్ష లేదు. ఇద్దరు పరీక్షకుల్ని వెంటబెట్టుకుని కోటంతా తిప్పుతూ చెప్పాలి, అంతే. చిక్కల్లా ఒకటే. యాభై దాటితే పరీక్షకి రానివ్వరు. ఏవండీకి అప్పటికి నలభై తొమ్మిది మీద కొన్ని నెలలు. ఈసారి తప్పితే మళ్ళీ అవకాశం లేదు, చేతిలో జీపూ ఉండదు.

ఆ సీజనంతా నా గుంపులు ఆ ఊళ్ళో దిగినప్పుడల్లా, మధ్యాహ్నం వాళ్ళు కునుకు తీసే రెండు గంటలూ నేను ఏవండీ ఇంటికి వెళ్ళాను. పిండిమర మీద రెండు గదులు. కింద మర తిరుగుతున్నంతసేపూ నేల అదురుతుంది, గూట్లో గ్లాసులు వాటంతటవే పక్కకి జరుగుతాయి. అతని భార్య లాడ్జిల దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఆవిడ ఒక మూల, మేమిద్దరం ఒక మూల. నేను కోట గురించి పాఠం రాసి, నా గొంతుతోనే అతని ఫోనులో చదివి పెట్టాను. "ఈ ప్రధాన ద్వారం ఎత్తు ముప్పై రెండు అడుగులు. ఏనుగులు ఢీకొనకుండా తలుపులకు ఇనుప మేకులు అమర్చారు." అతను జీపు నడుపుతూ, పళ్ళు తోముకుంటూ అదే వినేవాడు. అప్పగించేటప్పుడు "మేకులు..." దగ్గర ఆగిపోతే, ఇస్త్రీ పెట్టె మీంచి తల ఎత్తకుండా భార్య "అమర్చారు" అని అందించేది. ఆవిడకి ఒక్క ముక్క అర్థం తెలియదు. పాఠం మొత్తం వచ్చేసింది.

"పరీక్షకి ఈవిణ్ణి పంపుదామా?" అన్నాను.

నేను పంతులమ్మగా మంచిదాన్ని కాదు. "నీకెన్నిసార్లు చెప్పాలి? నువ్విక్కడ నిలబడు. చెయ్యి ఇలా చూపించు. గొంతు పెంచు" అని కసురుతూనే ఉన్నాను. "మీరు చెప్పండి, నేను వింటాను" అనేవాడు ఓపిగ్గా. చివరి వారానికి పాఠం నీళ్ళు తాగినట్టు వచ్చేసింది. ఏవండీ, ఇంకా ఎంత దూరం, అన్నీ కడిగేశాను. ఇక ఢోకా లేదనుకున్నాను.

పరీక్ష రోజు నేను గుంపుని తీసుకుని రాజుల మ్యూజియంలో ఉన్నాను. సాయంత్రం లాడ్జికి వచ్చేసరికి ఏవండీ వరండాలో నిలబడి ఉన్నాడు. జేబులోంచి మడత కాగితం తీసి ఇచ్చాడు.

"చదవండి. నాకు మీ అక్షరాలు రావు కదా."

కోట గురించి తెలిసినది: చాలా బాగుంది. ఉచ్చారణ: బాగుంది. మర్యాద: లేదు. ఫలితం: తప్పాడు.

నేను రెండోసారి చదివాను. తర్వాత పైకి చదివాను. అతను "మర్యాద అంటే?" అని అడిగాడు.

ఏం చెప్పను? గొడుగిచ్చేందుకు మనుషుల వెంట పరిగెత్తే మనిషికి మర్యాద అంటే ఏమిటో నేను చెప్పాలి. "అసలు నువ్వేమన్నావు ఆవిణ్ణి?" అన్నాను. పరీక్షకుల్లో తెలుగు తెలిసినావిడ ఒక రిటైర్డు లెక్చరరని నాకు ముందే తెలుసు.

"ఏమీ అనలేదు. నువ్వు మెట్లు జాగ్రత్తగా ఎక్కు అన్నాను. నువ్వు అలిసిపోయావు, ఈ గట్టు మీద కూర్చో అన్నాను. నీళ్ళు తాగుతావా అన్నాను."

"'నువ్వు' అన్నావా? ఆవిణ్ణి? జీపులో అందరినీ మీరు అంటావుగా!"

"అప్పుడు డ్రైవర్ని. ఇప్పుడు గైడుని." తప్పెక్కడో అతనికి ఇంకా తెలియలేదు. "చెప్పేవాళ్ళు నువ్వు అంటారు, వినేవాళ్ళు మీరు అంటారు. గైడంటే చెప్పేవాడే కదా? వెనక సీట్లో ఆయన ఆవిడకి చెబుతాడు, 'నువ్వు అటు చూడు, అది రాణివాసం.' ఆవిడ 'మీకన్నీ తెలుసు' అంటుంది. మీరు నాకు పాఠం చెప్పేటప్పుడు నువ్వు అన్నారు. నేను వింటూ మీరు అన్నాను."

"మీ భాషలో పెద్దాచిన్నా లేదా?" అని గదమాయించాను. గదమాయించడం ఒకటి నాకు చేతనైంది.

"ఉంది. మా దాంట్లో వయసు చూస్తారు. మీ దాంట్లోనూ అంతే అనుకున్నాను మొదట్లో. కానీ నేను మీకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. అయినా మీరు నన్ను నువ్వు అంటారు. అందుకని, వయసు కాదన్నమాట అనుకున్నాను."

ఫిర్యాదుగా అనలేదు. లెక్క ఎలా చేశాడో మాస్టారికి చూపించినట్టు చెప్పాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నలభై మందికి మర్యాదలు నేర్పుతూ తిరిగేదాన్ని, "వెయిటర్ని ఏయ్ అనకండి" అని రోజూ మైకులో చెప్పేదాన్ని, పదిహేనేళ్ళుగా ఈ మనిషిని ఒక్కసారి మీరు అనలేదు. సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

"మీరు కూర్చోండి" అన్నాను.

కూర్చోబోతున్నవారు కాస్తా దిగ్గున లేచి నిలబడ్డారు. "కోపం వచ్చిందా?" అన్నారు భయంగా. వెనక సీట్లో భర్త భార్యని మీరు అన్నాడంటే పెద్ద గొడవ మొదలైనట్టేనట.

ఇక్కడినుంచి ఆయన్ని "అన్నారు" అనే రాస్తాను. ఇంతవరకూ రాసింది అప్పటి నా నోరు.

మర్నాడు పొద్దున్నే పరీక్షకులు దిగిన గెస్ట్‌హౌసుకి వెళ్ళాను. లెక్చరరమ్మ మోకాలికి పట్టీ కట్టుకుని వరండాలో టీ తాగుతున్నారు. అంతా చెప్పాను. నా తప్పు మొదలుపెట్టి చివరివరకూ చెప్పాను.

"ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పానమ్మా. నన్ను మొహం మీదే నువ్వన్న మొదటి మనిషి మీవాడే" అన్నారావిడ.

"మావాడు కాదండీ, మావారు..." అని నాలిక్కరుచుకున్నాను. మర్యాద ఇద్దామని చూస్తే మొగుడైపోయారు. "మా ఆయన" అన్నా అదే ప్రమాదం. ఆవిడ టీ కప్పు కింద పెట్టి నవ్వు ఆపుకున్నారు. ఆ నవ్వే నా పని చేసిపెట్టింది. మరో మూడు రోజులు వేరే భాషల పరీక్షలున్నాయి, రేపు అరగంట ఇస్తాను, కంఠతా పట్టిన పాఠం వద్దు, నేను అడిగినదానికి చెప్పాలి అన్నారు. నన్ను వెనక నడవనిస్తారట, నోరు తెరవకూడదట. అది నాకు ఆయన పరీక్షకన్నా పెద్ద పరీక్ష.

ఆ పూటంతా పిండిమర మీద మీరు, మీకు, మీతో. నాకూ కష్టంగానే ఉంది, నాలిక పాత దారికే పోతోంది. నేను తప్పినప్పుడల్లా ఇస్త్రీ మూలనుంచి ఆవిడ "మీరు" అని అందించింది.

మర్నాడు ఏవండీగారు మరీ జాగ్రత్తపడ్డారు. "అమ్మగారూ, మీరు ఇటు రండి. ఈ ఫిరంగిగారు యుద్ధంలో మూడుసార్లే పేలారు" అన్నారు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. లెక్చరరమ్మ పెదవి కొసలు కదిలాయి కానీ కాగితం మీద ఏదో రాసుకుంటూనే ఉన్నారు. ఏనుగుల గురించి అడిగారు, నీళ్ళ తొట్ల గురించి అడిగారు, పాఠంలో లేనివి నాలుగు అడిగారు. ఆయన తడుముకుంటూనే అన్నిటికీ చెప్పారు. పై బురుజు మీదికి చేరాక ఆవిడ గోడకి ఆనుకుని, పెన్ను మూత పెడుతూ చివరి ప్రశ్న వేశారు.

"సరే. ఇంత కోటలో నీకు బాగా నచ్చిన చోటేది?"

ఏవండీగారు నొచ్చుకున్నట్టు ఆవిడ వైపు చూశారు.

"అమ్మగారూ, నీకు కాదు. మీకు." గొంతులో ఎంతో దయ. "మొన్న నేనూ ఇదే తప్పు చేశాను. పర్వాలేదు, అలవాటవుతుంది."

అయిపోయింది, నిండా మునిగాం అనుకున్నాను. భాష తెలియని రెండో పరీక్షకుడు మా మొహాలు మార్చి మార్చి చూస్తున్నాడు. వెటకారం అనుకుంటారేమో, కాదని అరిచి చెబుదామంటే నోరు తెరవనని మాటిచ్చాను. లెక్చరరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"మీకు బాగా నచ్చిన చోటు ఏదండీ?" అని అడిగారు.

ఆయన గోడ దగ్గరికి నడిచి కిందికి, కొండ దారిలో నాలుగో మలుపు వైపు చూపించారు.

"అక్కడ. జీపులో అందరూ మాట్లాడుతూనే వస్తారు. మందులు, మోకాళ్ళు, కోడళ్ళు. ఆ మలుపు తిరగ్గానే కోట మొత్తం కనిపిస్తుంది. అప్పుడు అందరూ మాట ఆపేస్తారు, పోట్లాడుకునేవాళ్ళు కూడా. నేనక్కడ బండి నెమ్మది చేస్తాను. ఒక ఆవిడకి ఎనభై ఏళ్ళు. ఇన్నాళ్ళు బతికి మంచిపని చేశాను అన్నారు. ఆ మాటలు నాకెవరూ నేర్పలేదు, అయినా అర్థమయ్యాయి."

ఆవిడ కాసేపు ఆ మలుపునే చూశారు. తర్వాత కాగితాన్ని గోడ మీద పెట్టి ఒక వాక్యం రాసి, సంతకం చేసి ఆయన చేతికిచ్చారు. ఆయన దాన్ని నాకివ్వబోయారు. ఆయనకి మన అక్షరాలు రావని ఆవిడకి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. కాగితం వెనక్కి తీసుకుని తానే చదివారు.

"గైడుగా చక్కగా పనికివస్తారు."

ఏవండీగారు చెవి ఒగ్గి విన్నారు. చివరి అక్షరం దగ్గర అనుమానం వచ్చింది.

"పనికివస్తాడు కదండీ?" అని అడిగారు.

"వస్తారు" అన్నారావిడ.