కిటికీలో తెల్లగుడ్డ

“నేను వెళ్ళిపోయానని తెలిస్తే పాప గుక్కపెట్టి ఏడుస్తుందేమో!” అన్నాను, పాపను శిశువిహారంలో వదిలి చప్పుడు చేయకుండా బయటికొచ్చి.

“పాప సంగతేమో గానీ, నువ్వే ఏడ్చేలా ఉన్నావు,” అంది శిశువిహారం ఎదురింటి గెర్లిండె. ఎనభై ఎనిమిదేళ్ళ ఈ బెర్లిన్ బామ్మ, ఒకప్పుడు ఊరిని రెండుగా చీల్చిన గోడ జాడగా దారిలో పరిచిన రాళ్ళ వరుస దగ్గర రోజూ ఆగి, అవతలి మూడో అంతస్తు కిటికీకి చెయ్యి ఊపి గానీ కదలదు. గోడ ఉన్నప్పుడు అక్కడ వాళ్ళమ్మ ఉండేది. చెయ్యి ఊపితే కాపలావాళ్ళు పట్టుకుపోతారని, అద్దం తుడుస్తున్నట్టు తెల్లగుడ్డ ఆడించేది. గెర్లిండె ఇవతల బిడ్డను తలపైకెత్తి, ఆ గుడ్డ కదిలేదాకా వానలోనైనా దించేది కాదు. ఒక ఆదివారం గుడ్డ కదల్లేదు. చేతులు తిమ్మిరెక్కినా చీకటి పడేదాకా నిలబడింది. అమ్మ పోయిందన్న ఉత్తరం వారానికి వచ్చింది.

“దొంగలా జారుకోకు తల్లీ. పాప చూసేలా చెయ్యి ఊపి మరీ వెళ్ళు,” అంది గెర్లిండె.

ఇప్పుడు రోజూ శిశువిహారం కిటికీ కింద, పాప చెయ్యి లేచేదాకా నిలబడుతున్నాను.