జీపు పొగకు సరిపడా చెట్లు

ఫల్గుణ పనిచేసే సంస్థ ఆఫీసు విశాఖపట్నంలో ఉంది. ఆ సంస్థకు డబ్బిచ్చి పోషించేవాళ్లు ఒక షరతు పెట్టారు. మీ జీపులు, జనరేటరు ఏటా ఎంత పొగ వదులుతున్నాయో చూసుకోండి, తగ్గించగలిగినంత తగ్గించండి, ఇక తగ్గనిదానికి సరిపడా చెట్లు పెంచండి అన్నారు. తగ్గించే సంగతి ఎవరూ పట్టించుకోలేదు. చెట్ల పని మాత్రం గూడెం కొత్తవీధి కొండల్లో ఫల్గుణ నెత్తిన పడింది.

2002 వానల్లో మేనమామ సోంబరు కొండవాలు అతని కంట్లో పడింది. తుప్పలు పెరిగి ఉంది. ఆఫీసువాళ్లు దాన్ని ఖాళీ నేల అనుకున్నారు. అది పోడు నేల అనీ, కొన్నేళ్లు పండించాక సత్తువ కూడగట్టుకోడానికి వదిలేశారనీ ఫల్గుణకు తెలుసు. అయినా అడిగాడు. మేనల్లుడు అడిగాడని సోంబరు ఇచ్చాడు. వాలంతా సిల్వర్ ఓక్ మొక్కలు లేచాయి.

అయిదారేళ్లకు, ఆ వాలుకు దిగువన సోంబరు పండించుకునే చెక్కలో చోడి, అంటే రాగి పైరు, జానెడు కూడా ఎదగలేదు. సోంబరు గొడ్డలి నూరుతున్నాడని తెలిసి ఫల్గుణ జీపులో వచ్చాడు.

"ఏటి మావా, ఏటి సేత్తన్నావు?"

"కింద నేల సచ్చిపోనాది. ఇప్పుడు కొండ వంతు. సోళ్లు నేకపోతే నీ సెట్లు కొరుక్కు తినాలేటి?"

"కొట్టకూడదు మావా. మా జీపుల పొగ ఆ సెట్లే పీల్చుకుంతాయి."

సోంబరు జీపు వైపు చూశాడు. "అయితే ఆ బండి మానీసి నడిసి రా. పొగా ఉండదు, సెట్టూ అక్కర్నేదు."

గడపలో కూర్చున్న అత్త కనక నవ్వింది. "కాళ్లు అరిగిపోతాయని దాసుకున్నాడు మీ అల్లుడు."

ఫల్గుణ నవ్వలేదు. జీపెక్కి ఘాటీ దిగిపోయాడు.

ఆ నెల మీటింగులో, వాలులో కింది సగం సోంబరు సాగుకు వదిలేద్దామని మేనేజరు కృష్ణమూర్తికి చెప్పాడు.

"ఆ చెట్లు పీల్చే పొగనెక్కడ పెట్టమంటావయ్యా?" ఆయనా అలిసిపోయే ఉన్నాడు.

"తగ్గించాలి సార్. ముందు చేయమన్నది అదేగదా."

"దేన్ని తగ్గిద్దాం?"

అప్పటికే ఫల్గుణకు మోకాళ్ల నొప్పులు. "నా జీపు తీసేయండి. ఊళ్లవాళ్లు ఎక్కే సర్వీసు జీపు వెళ్లినంత మేర వెళ్లి, ఆపైన నడుస్తాను."

"వానాకాలం కూడానా?"

"వానాకాలం కూడా సార్."

జీపు పోయింది. ఎండలు ముదరకముందే సోంబరు కింది సగం కొట్టి, ఎండబెట్టి, వానలకు ముందు కాల్చాడు. పై సగం చెట్లు అలాగే ఉన్నాయి.

వానలు పడ్డాక ఫల్గుణ పై చెట్లు చూడటానికి కొండెక్కాడు. కింది సగంలో మసిబారిన మోళ్ల మధ్య చోడి మొలకెత్తింది. కనక అంబలి ఇచ్చింది. తాగి, గోడకు జారగిలబడ్డాడు.

"పడుకోరా, రేపెల్దువు గాని," అన్నాడు సోంబరు.

చీకటి పడేలోగా నడిచి చూడాల్సిన ఊళ్లు ఇంకా ఉన్నాయి. తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని, గోడ ఆసరాగా లేచాడు.