ఇకామాలో లేని చదువు

సౌదీలోని ఖఫ్జీలో పదమూడేళ్లు పంపులు, వాల్వులు బాగుచేసిన నాకు ఒక రోగం అంటుకుంది. ఎవరు ఏ చదువు పేరు చెప్పినా, అది ఇకామా మీద, అంటే అక్కడ ఉండి పనిచేసేందుకిచ్చే కార్డు మీద, వృత్తిగా ఎక్కుతుందా లేదా అనే చూసేవాణ్ని. ఇంతమంది స్థానికులకు ఉద్యోగాలివ్వాలనే నితాఖాత్ లెక్కలో సౌదీవాళ్లు సరిపోక మా కంపెనీ ఎరుపు జాబితాలో పడింది. మాలాంటి విదేశీయులకు తలకింత లెవీ కట్టలేక మనుషుల్ని తగ్గిస్తున్నారు. పట్టాలో ఉన్న పేరూ, ఇకామాలో రాసిన వృత్తీ కలవలేదని మా పక్క గది ఇంజినీరును ఇంటికి పంపేశారు.

ఆ వేసవిలోనే జగిత్యాలలో మా అమ్మాయి ఇంటర్ పూర్తిచేసింది. రోబోటిక్స్ చదువుతానని పట్టుబట్టింది. "బాపూ, హైదరాబాద్ కాలేజీల ల్యాబ్ మస్తుంటదట. అదే ఫస్ట్ పెట్టు" అని వెబ్ ఆప్షన్ల పాస్‌వర్డ్ నా చేతికే ఇచ్చింది. తను చెప్పిన వరుసలోనే పెట్టాను. ఒట్టు, అలాగే పెట్టాను.

గడువు చివరి రోజు మధ్యాహ్నం, కంపెనీ కాగితాలు చూసే హైదరాబాదీ గుమాస్తాను ఊరికే ఉండలేక అడిగాను.

"రోబోటిక్సా? ఇకామా లిస్టులో ఆ పేరే లేదు భాయ్. మెకానికల్ ఉంది."

అంతే, ఫోనులో ఆప్షన్లు తెరిచాను. అసలు ఆ పిల్ల ఎడారికి ఎందుకొస్తుందన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చిందా నాకు! బుద్ధి గడ్డి తిని, మా ఊరి దగ్గరి కాలేజీలో మెకానికల్‌ను పైకి జరిపాను. తనకు చెప్పలేదు.

ఆ సీటే వచ్చింది. "ర్యాంకు సాలలేదేమో బిడ్డా" అని ఫోనులో సిగ్గు లేకుండా అన్నాను. "గంతే అయుంటది బాపూ" అంది. ఆ వారంలోనే నాకూ, ఉద్యోగం తీసేసి ఇంటికి పంపే ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు.

ఇప్పుడు అమ్మాయి ఒక బ్యాంకు కౌంటర్లో కూర్చుంటోంది. మెకానికల్ ఏ రోజూ ఇష్టపడి చదవలేదు. పోయిన నెల అన్నం తింటూ ఉండబట్టలేక చెప్పేశాను: "బిడ్డా, ఆప్షన్లు నేనే మార్చిన."

తను కంచంలోంచి తల ఎత్తలేదు.

"తెల్సు బాపూ. నాకన్న ఎనుక ర్యాంకోళ్లకు గూడ ఆ హైదరాబాద్ కాలేజీల సీటొచ్చింది. ఆ వారంలనే లిస్టు సూసిన."

"మరి అడుగకపోతివి గదనే?"

"అడుగుదామనే ఫోన్ పట్టుకున్న. అంతల నువ్వే చేసి, ఎగ్జిట్ కొట్టిండ్రని ఏడ్చినవ్."