మెకానిక్‌గారి చెవి

రాజ్యాలు పుట్టడం, కూలడం చరిత్రకారులు రాసుకున్నారు గానీ, కుట్టుమిషన్ల మెకానిక్ రోజూ ఉదయం టీ తాగి పది నిమిషాలు కళ్లు మూసుకునే మహాఘట్టాన్ని ఎవరూ గ్రంథస్థం చెయ్యలేదు. ఆ పది నిమిషాల్లో దేవుడు ఆయనతో మాట్లాడేవాడు. షాపు ఆలస్యంగా తెరవమనేవాడు. పాస్టరుగారి ప్రసంగంలో తప్పులు ఎత్తిచూపేవాడు. ఈ సంభాషణల గురించి తను చెబుతుండగా అక్క ఆవలించిందని మెకానిక్ అలిగితే, ఆమే వచ్చి క్షమాపణ అడిగేదాకా, రిపేరుకిచ్చిన ఆమె మిషన్ తిరిగివ్వొద్దని కూడా దేవుడే సెలవిచ్చాడు. ఆ మిషన్ మీదే అక్క ఇల్లు గడుస్తుంది.

షాపులో మాత్రం ఆయన చెవికి తిరుగులేదు. "మీరాగండి, మిషన్‌ని చెప్పనివ్వండి" అని మిషన్ తెచ్చినవాళ్లని ఆపి, చక్రం తిప్పి వినేవాడు. తప్పు తను బిగించిన స్క్రూదే అని తేలినా ఒప్పుకునేవాడు.

ఒక ఉదయం ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. "ఇవాళ సైతాను మాట్లాడాడే! మిషన్ తీసుకెళ్లి అక్కకిచ్చి, నన్నే క్షమాపణ అడగమన్నాడు."

"సైతానని ఎలా తెలిసిందండీ?" అంది భార్య, టీ గ్లాసు తీస్తూ.

"ఇరవై ఏళ్లుగా వింటున్నానే! దేవుడు ఒక్కసారైనా నాకు నచ్చని మాట అన్నాడా?"

"అదీ నిజమే. మీకు ఎదురు చెప్పే ధైర్యం పాపం ఆయనకెక్కడిది! వదిన మాత్రం బడిపిల్లల యూనిఫారాలు చేత్తో కుడుతోంది. ఆ మిషన్ ఇంకా బాగవలేదా?"

మెకానిక్ గంభీరంగా మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

మిషన్ బాగై పదకొండు రోజులైంది.