లచ్చవ్వ వదినె పేరు

ఒక పేరును ఏళ్ల తరబడి నోట్లోనే దాచుకున్నాను. ప్రార్థనలో కూడా పలకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. లచ్చవ్వ.

వేములవాడ దారిలో ఉన్న మా ఊళ్లో ఆమె మా పక్కింటి మనిషి. భర్త పోయాడు. నేను వదినె అని పిలిచేదాన్ని. ఎమర్జెన్సీ పోయిన తర్వాతి ఎండాకాలం, నా బిడ్డ ఉన్నట్టుండి కిందపడి కాళ్లూ చేతులూ కొట్టుకుంది. నోట్లో నురగ. అంతకు ముందురోజే లచ్చవ్వ దాని తల నిమిరి, ఎంత ముద్దుగా ఉందో అని మురిసిపోయింది. నాకు అదొక్కటే గుర్తొచ్చింది. ఆమె గోడ మీదుగా ఎందుకు తొంగిచూస్తోంది? అమావాస్యనాడే తలస్నానం ఎందుకు చేసింది? ఆమె ఇచ్చిన మజ్జిగ పెంటకుప్ప మీద పారబోశాను. బావి దగ్గర ఆడవాళ్లతో, చిన్నగా, ఒక్కసారే అన్నాను, బిడ్డకు బాణామతి చేతబడి చేసింది ఆమే కావచ్చని.

వారం తిరిగేసరికి ఊళ్లో ఎవరూ ఆమెతో మాట్లాడడం లేదు. ఒకరోజు ఆమె ఇంటి మీద రాళ్లు పడ్డాయి. నుదుటి మీద నెత్తురుతో మా వాకిట్లోకి వచ్చింది.

"నా మొఖం జూసి చెప్పు పిల్లా. నేనే జేసిన్ననుకుంటున్నవా?"

"నాకేం దెల్వది వదినె. ఊరంత గట్లనే అంటున్నరు."

"ఊరు సంగతి ఇడిసిపెట్టు. నువ్వేమంటవ్?"

నేను తలుపు వేసుకున్నాను.

ఆమె కాగజ్‌నగర్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. బిడ్డకు మూర్ఛలు ఆగలేదు. అప్పుడైనా నాకు బుద్ధి వచ్చిందా? లేదు. మా ఆడబిడ్డను అనుమానించాను. తర్వాత సొంత అక్కను. ఎవరు పెట్టింది తినాలన్నా భయమే. చివరికి కరీంనగర్ ఆసుపత్రిలో డాక్టరు ఇది నరాల జబ్బని మాత్రలు రాశాడు. అక్కడి నర్సు సారమ్మ నా భయమంతా విని, పక్కన కూర్చుని, "యేసయ్య తోడుంటే ఎవలు జేసేదేముంటదమ్మా? గా ఫికర్ ఆయన మీదెయ్యి, బిడ్డకు మందెయ్యి" అంది. ఆమె వెంట ప్రార్థనకు వెళ్లడం మొదలుపెట్టాను. మందులతో బిడ్డకు మూర్ఛలు తగ్గాయి. కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, అక్క పంపిన కూర ఏ అనుమానమూ లేకుండా తిన్నానని తిన్నాక గాని గమనించలేదు. ఆనందంతో ఏడ్చాను. ఆ ఏడుపులోనే లచ్చవ్వ ముఖం కనిపించింది. బాణామతి అనేదే లేకపోతే, ఆమె నుదుటి నెత్తురు దేనికి కారినట్టు?

బాప్తిస్మం తీసుకున్నాను. దేవుడు నా భయం తీసేశాడని చర్చిలో ఎన్నోసార్లు సాక్ష్యం చెప్పాను. అది నిజమే. కానీ ఆ భయం ఎవరిని ఊరి నుంచి వెళ్లగొట్టిందో ఒక్కసారీ చెప్పలేదు. నా సాక్ష్యాన్ని నేనే నమ్మలేని రోజులున్నాయి. భయం పోతే మరి ఆ పేరు ఎందుకు నోట రాదు?

ఏళ్ల తర్వాత ఒక పెళ్లికి కాగజ్‌నగర్ వెళ్లాను. అంగట్లో లచ్చవ్వ ఎదురైంది. జుట్టు పూర్తిగా నెరిసింది. వేలు పట్టుకుని ఒక చిన్నపిల్ల. నన్ను గుర్తుపట్టింది. గబుక్కున పిల్లను వెనక్కి లాక్కుని, కొంగుతో దాని ముఖం కప్పేసింది. వదినె అని పిలవబోయాను. ఆమె పిల్లను ఎత్తుకుని దాదాపు పరుగెత్తింది. వెంట వెళ్లలేకపోయానా, వెళ్లలేదా? వెళ్లలేదు.

ఆమె ఇప్పుడు ఉందో లేదో తెలియదు. దేవుణ్ణి క్షమించమని అడిగాను, ఆమెను అడగలేదు. ఊరు అనలేదు, నేనే అన్నాను. ఇది రాసినంత మాత్రాన తప్పు తీరిందని చెప్పను. ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది.